విరుదునగర్ ప్రెస్సులో నేను లినక్స్ పెట్టిన కత

నాకు తెలుగు మాట్లాడను వస్తుంది, రాయను రాదు. మా ఊర్లో ఎవరికీ రాదు. కోవిల్‌పట్టి చుట్టూ నల్లరేగడి పల్లెల్లో ఉండే మాబోటోళ్ళకు తెలుగంటే ఇంట్లో అన్నం పెట్టమని అడిగే బాస, కోపమొస్తే తిట్టే బాస. గడప దాటితే అరవమే. అందుకని ఇది నేను చెప్తావుంటే, చిత్తూరు నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చిన పిల్ల రాస్తావుంది. సగం మాటలకు మూతి తిప్పుతుంది. "మామా, ఈ మాట మా అవ్వ కూడా అనదు" అంటుంది. అనకపోతే పోనీ, అట్లనే రాయమన్నాను.

నా పని కంప్యూటర్లు బాగుచెయ్యడం. మొదట పదేండ్లు టైప్‌రైటర్లు బాగుచేసినాను. తొంబైల నడుమ కంప్యూటర్లకు మారినాను. ఇప్పుడు సన్న మరలు కంటికి ఆనక మానుకొన్నాను. కోవిల్‌పట్టిలో నా అంగడి, విరుదునగర్‌లో సగం గిరాకి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. "లినక్స్ అంత మంచిదంటారే, మరి జనం ఏంటికి పెట్టుకోరు?" దానికి పుస్తకాల్లో ఉండే జవాబు వేరే. నేను కండ్లతో చూసింది చెప్తాను.

ఊరికే ఇస్తే ఎవరికి కావల్ల

తెలీనోళ్ళకు ఒక మాట. లినక్స్ కూడా విండోస్ మాదిరే కంప్యూటర్‌ను నడిపించేదే. ఎక్కడెక్కడోళ్ళో కలిసి చేసి, ఎవరైనా వాడుకోండి, విప్పి చూసుకోండి, మార్చుకోండి అని ఊరికే వదిలేసినారు. ఒక కంప్యూటర్ పత్రికతో బాటు దాని సీడీ వస్తే నా అంగట్లో మెషీన్‌కు ఎక్కించినాను. నెల దినాలు ఆపకుండా నడిచింది, ఒక్క వైరస్ అంటుకోలా. ఆ నెలతో నాకు పిచ్చి పట్టింది. సంచిలో స్క్రూడ్రైవర్ పక్కన పది సీడీలు పెట్టుకొని, కొత్తగా మతం మారినోని మాదిరి ఎవరు కనపడితే వాళ్ళకు బోదించడం మొదలుపెట్టినాను. నన్ను చూస్తే కాఫీ అంగట్లో జనం లేచిపోయేవాళ్ళు.

కోవిల్‌పట్టిలో కడలమిఠాయి చేసే ఒకాయన, అంటే పల్లీ చిక్కీ, నా మాటలన్నీ శ్రద్దగా విన్నాడు. "ఊరికేనా?" అన్నాడు. అవునన్నాను. "అయితే ఏదో లోపం ఉంటుంది. నేను మిఠాయి ఊరికే ఇస్తే నువ్వు తింటావా, అనుమానపడవూ?" అన్నాడు. ఆ పొద్దు నుంచి ఊరికే అనేది మానేసి, "ఇది పరదేశం సరుకు, అందరికీ దొరికేది కాదు" అని చెప్తా వచ్చినాను. వెంటనే ఇద్దరు పెట్టమన్నారు. అబద్దం ఏమీ లేదు, పరదేశం సరుకే గదా.

ఒట్టపిడారంలో ఒక హెడ్మాస్టరు గంటసేపు విని, రెండుసార్లు కాఫీ ఇప్పించి, చివరికి గొంతు తగ్గించి అడిగినాడు. "దీంట్లో చీట్లాట ఉండాదా?" పేకాట ఉందని చూపించినాను. ఆయన అక్కడికక్కడే ఒక ఆట ఆడి గెలిచి, తెర దిక్కు చూస్తా కూచున్నాడు. "గెలిస్తే చీట్లన్నీ జలజలా రాలవల్ల గదా. యాడ రాలినాయి?" అన్నాడు. రాలవని చెప్పినాను. రాలకపోతే గెలిచి ఏమి సుకం అని పంపించేసినాడు. నాకు ఆయన మీద కోపం లేదు. మనిషికి ఏది కావల్నో ఆయన దాచుకోకుండా చెప్పినాడు.

అరుప్పుకోట్టైలో మగ్గాల యజమాని ఒకాయన మాత్రం, నేను నోరు తెరవకముందే పెట్టమన్నాడు. వైరస్ గురించి భయమేమో అనుకొన్నాను. కాదు. ఆయన ఇద్దరు బామ్మర్దులు దినామూ వచ్చి ఆ మెషీన్ ముందర కూచొని లేచేవాళ్ళు కాదు. లినక్స్ పెట్టినాక రెండు దినాలు అటూ ఇటూ నొక్కి చూసి, ఏమీ అర్తం గాక, రావడం మానుకొన్నారు. ఆయన నాకు పంచె పెట్టి పంపించినాడు. జనం లినక్స్ ఏంటికి పెట్టుకొంటారో ఆ పంచె తీసుకొన్నప్పుడే నాకు తెలిసుండల్ల. నా బుద్ది గడ్డి తినింది, నవ్వుకొని వదిలేసినాను.

ఎస్తేరు కుర్చీ

విరుదునగర్‌లో ఒక ప్రెస్సు ఉండేది. పెండ్లి పత్రికలు, చావు నోటీసులు, కొత్త అంగడి తెరిస్తే కరపత్రాలు అచ్చేసేవాళ్ళు. యజమానిని అందరూ అన్నాచ్చి అంటారు. ఆ పక్క వ్యాపారం చేసే పెద్దమనుషుల్ని పిలిచే పిలుపది, పేరుతో పనిలేదు. అన్నాచ్చి ప్రెస్సులో అరవం టైపుకొట్టే ఆపరేటరు ఎస్తేరు.

ఎస్తేరు కోవిల్‌పట్టి పిల్ల, మా మాదిరే తెలుగు మాట్లాడే కిరస్తానీ ఇల్లు వాళ్ళది. వాళ్ళమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పేర్చేది. ఎస్తేరు కూడా పెండ్లి కాకముందు నాలుగేండ్లు పేర్చింది. మందు వాసనకు దగ్గొచ్చి, సాయంకాలాలు టైప్ నేర్చుకొని, హయ్యర్ పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసై ఆడనుంచి బయటపడింది. మొగునికి నికరమైన పని లేదు. దినామూ పొద్దున బస్సెక్కి సాత్తూరు మీదుగా విరుదునగర్ పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేది. తెర చూడకుండా, కాగితం చూస్తా, పక్కనోళ్ళతో మాట్లాడతా కొట్టేది. తప్పు వెతకను నాలాంటోడు దినమంతా కూచోవల్ల.

ఆ ప్రెస్సు మెషీన్ వారానికొక్కసారి పడుకొనేది. వచ్చే పోయేవాళ్ళందరూ ఫ్లాపీలూ సీడీలూ తెచ్చి దాంట్లో దూర్చేవాళ్ళు, వాటితో వైరస్సూ వచ్చేది. నేను పోయి అంతా తుడిచి, మళ్ళా ఎక్కించి వచ్చేవాణ్ణి. అన్నాచ్చి లెక్క వేరే. "మెషీన్ బాగనే ఉండాది, తంబీ. ఆ యమ్మ చెయ్యే బాగలేదు" అన్నాడు ఒకతూరి. ఆయన చెల్లెలి కోడలు కొత్తగా కంప్యూటర్ కోర్సు ముగించి ఇంట్లో ఉండాదని, ఆ కుర్చీ ఆమెకు కావల్లని ప్రెస్సులో అందరికీ తెలుసు.

అరవోళ్ళ ఆవణి మాసం పెండ్లి ముహూర్తాలు ముందర పెట్టుకొని, ఎస్తేరు మా అంగడికి వచ్చింది. అప్పుడు రెండువేల మూడో, నాలుగో. కూచోమన్నా కూచోలా.

"వరదన్నా, ఇంకొక్కతూరి మెషీన్ నిలిచిపోతే రానక్కరలేదని చెప్పేసినాడు. రానక్కరలేదంటే నాకు ఇంకేమి పని ఉండాది? మళ్ళా పుల్లలు పేర్చే దానికే పోవల్ల. ఆ దగ్గు నేను ఇంకోసారి తట్టుకోలేనన్నా" అనింది.

కండ్లల్లో నీళ్ళు లేవు. "నువ్వు పో అమ్మా. ఇంక ఆ మెషీన్ నిలవకుండా చేసే పూచీ నాది" అన్నాను.

శని వాహనం

ఆ ఆదివారమే పోయి లినక్స్ ఎక్కించినాను. అన్నాచ్చి దగ్గర పరదేశం సరుకు పాట పాడి ఒప్పించినాను. సోమవారం పొద్దున ఆయన వచ్చి, చెప్పులు బయట విడిచి, మెషీన్‌కు సాంబ్రాణి పట్టి, మీట వేసినాడు. ఆ కాలంలో లినక్స్ లేచేటప్పుడు తెర మీద మూలన దాని గుర్తు, ఒక పెంగ్విన్ బొమ్మ వస్తుంది. నల్ల రెక్కలు, తెల్ల కడుపు, పసుపుపచ్చ ముక్కు.

అన్నాచ్చి సాంబ్రాణి గిన్నె కింద పెట్టేసినాడు.

"తంబీ, ఏందిది?"

"పక్షి, అన్నాచ్చి."

"పక్షి నాకు కనపడతావుంది. నల్లగుండాది. కాకి గదా?"

కాకి కాదు, పెంగ్విన్ అని, మంచుదేశంలో ఉంటుందని చెప్పినాను. "మంచుదేశం కాకి" అన్నాడు ఆయన. అప్పుడు తెలిసింది నాకు. ఆయనకు ఏళ్నాటి శని నడస్తావుంది. శనివారం శనివారం నువ్వులదీపం పెట్టి, కాకులకు అన్నం పెట్టి, స్వామీ కొంచెం జరుగు అని మొక్కుకొంటా ఉండే మనిషి. ఆయన ప్రెస్సులోకే, సోమవారం పొద్దున్నే, సాంబ్రాణి పట్టిన చోటికే, శనీశ్వరుని వాహనాన్ని నేను తెచ్చి కూచోబెట్టినాను. అది గూడా కడుపు నిండా తిని బలిసిన కాకి.

"ఎత్తెయ్. పాతదే పెట్టు" అన్నాడు. ఎస్తేరు నా దిక్కు చూసింది. పాతది పెడితే వైరస్ వస్తుంది, వైరస్ వస్తే మెషీన్ పడుకొంటుంది, పడుకొంటే ఆమె కుర్చీ పోతుంది.

ఒక్క దినం గడువడిగినాను. లినక్స్‌లో అన్నీ విప్పుకోవచ్చు గదా, దాని గుండెకాయను విప్పి, పెంగ్విన్‌ను తీసి, విరుదునగర్ మారియమ్మ బొమ్మ పెట్టినాను. చెప్పను సులువు. బొటనవేలంత బొమ్మ, రెండువందల ఇరవైనాలుగు రంగులకు మించకూడదు. అమ్మవారి పట్టుచీరకే అన్ని రంగులు కావల్ల. చీర తగ్గించి మొగానికి ఇచ్చినాను. మరునాడు మీట వేస్తే, నల్లటి తెర మీద మొదట అమ్మవారు కనపడె. అన్నాచ్చి చెంపలు వేసుకొన్నాడు. సాయంత్రానికి వీదిలో ఇంకా ముగ్గురు వచ్చి, ఆ సామి వచ్చే కంప్యూటర్ మాకూ పెట్టమన్నారు. మూడేండ్లుగా నేను బోదించి ఒక్కర్ని మార్చలేకపోయిన వీది అది.

ఎస్తేరు మాత్రం తెలుగులో, అన్నాచ్చికి అర్తం గాదని దైర్యంగా అడిగింది. "అన్నా, అమ్మవారు బాగుంది. నా అక్షరాలు యాడ పోయినాయి?"

నా తప్పు

ఇది మాత్రం కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు రెండుసార్లు చదవండి.

ఎస్తేరు వేళ్ళు టైప్‌రైటర్ వేళ్ళు. ఏ మీట కింద ఏ అక్షరం ఉంటుందో ఆమె తలకు తెలీదు, వేళ్ళకు తెలుసు. పాత సిస్టమ్‌లో ఆ వరసను నడిపించే ఒక చిన్న ప్రోగ్రాం ఉండేది. అది లినక్స్‌లో నడవదు. లినక్స్‌లో ఉండే అరవం వరస వేరే, చదువుకొన్నోళ్ళు ఆలోచించి కొత్తగా పేర్చింది. ఆమె క కొడితే ప వస్తుంది, ప కొడితే ఇంకేదో. పెండ్లికొడుకు పేరు కొట్టను పది నిమిషాలు పట్టింది. గంటకు నాలుగు పత్రికలు కొట్టే మనిషి ఆ దినం సాయంత్రానికి రెండు కొట్టింది.

నేను అన్నాచ్చిని అడిగినాను. అమ్మవారిని గూడా అడిగినట్టే. ఆ మీటల మీద పొద్దు పొడిస్తే పొద్దు కుంకేదాకా వేళ్ళు పెట్టేదాన్ని అడగలా. పదేండ్లు టైప్‌రైటర్లు విప్పి బిగించినోణ్ణి, వేళ్ళ సంగతి నాకు తెలీదని ఎట్ల చెప్పను? తెలుసు. మెషీన్ మీద మోజులో మనిషిని మరిచిపోతిని.

అన్నాచ్చి అయితే సంతోషంగా ఉన్నాడు. "చూస్తివా తంబీ, అప్పుడే చెప్పితి గదా. ఇప్పుడు మెషీన్ నిలవలా, ఆ యమ్మ చెయ్యే నిలిచింది. వచ్చే సోమవారం చెల్లెలి కోడల్ని రమ్మంటా" అన్నాడు. ఆమెను కాపాడను పోయి నేనే కుర్చీ లాగేసినాను.

పాతదే పెట్టేస్తానమ్మా అన్నాను బస్సులో. ఇద్దరమూ ఒకే బస్సు. సాత్తూరు దాటినాక అడిగింది. "ఆ పక్షిని తీసి అమ్మవారిని పెడితిరే. అక్షరాలను అట్ల పెట్టను కాదా?"

నాలుగు దినాల పని

అవుతుంది. లినక్స్‌లో ఏ మీటకు ఏ అక్షరమో ఒక మామూలు ఫైలులో వరసగా రాసుంటుంది. తెరిచి, మార్చి, మూసెయ్యొచ్చు. మరునాడు ప్రెస్సులో ఆమెకు తెరిచి చూపించినాను. "ఇంతేనా? ఇది నాకిచ్చేయండి" అనింది.

ఎనబైకి పైన వరసలు. నేను చేస్తానంటే వద్దనింది. టైప్ నేర్చుకొన్నప్పటి అక్షరాల పటం పెట్టె అడుగునుంచి తీసి తెచ్చుకొని, అన్నాచ్చి అన్నానికి పోయినప్పుడంతా ఒక్కో అక్షరం మారుస్తా, కొట్టి చూస్తా, నాలుగు దినాల్లో ముగించింది. నేను పక్కన కూచొని కాఫీ తెప్పించడం తప్ప ఏమీ చెయ్యలా. శనివారానికి చెయ్యి మునుపటికన్నా వేగంగా పోతావుంది. నేను నిలబడి చూస్తే ఒకటి తేడాగా అనిపించె.

"ఎస్తేరూ, ఇది టైప్‌రైటర్ వరస కాదే. నాలుగైదు చోట్ల మారిందే?"

"నా చిటికెనవేలు పొట్టి అన్నా. చివరి మీటలు అందవు. చేతికి దగ్గరగా జరుపుకొన్నా" అనింది, కాగితం మీదనుంచి కండ్లు తియ్యకుండా.

వేలు చూసినాను. నా వేలంతే ఉండాది. నోరు మూసుకొన్నాను.

సోమవారం అన్నాచ్చి చెల్లెలి కోడలు వచ్చింది. కొత్త చీర, చేతిలో సర్టిఫికెట్టు. మంచి పిల్లే, దాని మీద చెప్పను ఏమీ లేదు. కూచొని, చేతులు రుద్దుకొని, ఒక వరస కొట్టింది. మాటిమాటికీ వచ్చే అక్షరాలే జరిగినాయి గదా, తెర మీద పడింది ఏ బాసా కాదు. చెరిపి మళ్ళా కొట్టింది. మీటల మీద అంటించిన అక్షరాలు ఒకటి చెప్తాయి, తెర ఇంకొకటి చెప్తుంది. గంటసేపు చూసి అన్నాచ్చి నన్ను పిలిపించినాడు. నేను బహు గంభీరంగా, "పరదేశం సరుకు అన్నాచ్చి, అలవాటు కావల్ల. ఎస్తేరమ్మకు అలవాటైంది" అన్నాను. ఆ పిల్ల కండ్లు తుడుచుకొని పోయింది. ఆ ఒక్కదానికే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అన్నాచ్చికి ఇంక దారి లేదు. పాతది పెట్టమంటే అమ్మవారు పోతుంది. అమ్మవారిని పొమ్మని ఏ నోటితో అంటాడు? లినక్స్ ఉంటే ఎస్తేరు ఉండల్ల. ఆరేండ్లు ఉండింది. ఆ ఆరేండ్లలో మెషీన్ ఒక్కతూరి గూడా పడుకోలా. ఆయన పత్రికలు అన్నీ ముహూర్తానికి ముందే ఇచ్చినాడు గాబట్టి, ఆయనకు నష్టమేమీ చెయ్యలేదనే అనుకొంటాను. సరిగ్గా చేసినామా అని అడిగితే, అడగద్దు అంటాను.

ఎస్తేరు అంగడి

ఆరేండ్లు కూడబెట్టి ఎస్తేరు కోవిల్‌పట్టిలో బస్టాండు వెనక చిన్న గది బాడిగకు తీసుకొని, సొంతంగా టైపింగు అంగడి పెట్టింది. మెషీన్ కొనుక్కొచ్చి నాకు కబురు పెట్టింది. నేను సంచిలో కొత్త లినక్స్ సీడీ, ఆమె అక్షరాల ఫైలు, రెండూ తీసుకొని పోయినాను. ఊర్లో నేను మార్చినోళ్ళందరిలోనూ పూర్తిగా మారింది ఆమె ఒక్కతే. పరదేశం సరుకని, బామ్మర్దులు రాకూడదని, సామి కనపడల్లని కాదు. దాని లోపల చెయ్యిపెట్టి తనకు తగినట్టు తిప్పుకొన్న మనిషి. ఆమె అంగడి నా గుడి అనుకొంటా పోయినాను.

అయినా ఒకసారి దెబ్బ తిన్నోణ్ణి గదా, ఈ తడవ అడిగినాను. "ఏమమ్మా, ఏది పెట్టల్ల?"

"విండోస్ అన్నా. బిల్లుతో కొన్న సీడీ అదో, బీరువా మీద ఉండాది" అనింది.

తమాషా చేస్తావుందేమో అని మొగం చూసినాను. చెయ్యలేదు.

"అదేమి ఎస్తేరూ? నీ అక్షరాలు, నీ వరస, ఆరేండ్లు నువ్వే గదా..."

ఎస్తేరు కుర్చీ తుడస్తా వుండింది. ఆపి నా దిక్కు తిరిగింది.

"అది వాళ్ళ కుర్చీ అన్నా. ఇంకెవరూ కూచోకుండా చూసుకోవల్సి వచ్చె. ఇది నా కుర్చీ. నాకు జొరం వచ్చిన దినం ఇంకొకరు వచ్చి కూచొని కొట్టల్ల. ఆరేండ్లు జొరంతో గూడా బస్సెక్కినా, మీకు తెలీదు."

తెలీదు. నేను ఎప్పుడూ అడగలా. నా సీడీని మళ్ళా సంచిలో పెట్టుకొని, బీరువా మీద ఉండేది దించి, మెషీన్‌లో వేసినాను.